మ్యాచ్ మధ్యలో ఆటగాడు కోచ్ మాట వినకపోతే ఏం చేయాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో 2019 కారబావో కప్ ఫైనల్ వీడియో ఈమధ్యే చూశారు. చెల్సీ గోల్‌కీపర్ కెపాను మార్చడానికి, బయటకు రమ్మని అతని నంబరున్న బోర్డు చూపించినా అతను రానని చేతులు ఊపాడు. చివరికి కోచ్ మౌరిజియో సార్రియే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. రిఫరీ అతన్ని ఎందుకు పంపేయలేదు, కోచ్ చేతిలో నిజంగా ఏమీ లేదా, ఆ తర్వాత అతన్ని మళ్ళీ ఆడించడం సరైనదేనా అన్నవి మీ సందేహాలు. మీరే ఒక అండర్-17 జట్టుకు కొత్తగా కోచింగ్ మొదలుపెట్టారు కాబట్టి, మీ జట్టులో ఇలా జరిగితే ఏం చేయాలో కూడా చెప్పమన్నారు.

నేను చాలా ఏళ్లుగా కుర్రాళ్ల జట్లకూ, ఆ తర్వాత పెద్దవాళ్ల క్లబ్ జట్లకూ కోచ్‌గా పనిచేస్తున్నాను. బోర్డు పైకెత్తాక కూడా మైదానంలోంచి కదలని ఆటగాళ్లను దగ్గరగా చూశాను. ముందు సూటిగా జవాబు చెప్పేసి, తర్వాత వివరాల్లోకి వెళ్తాను.

బయటకు రానని ఆటగాడు భీష్మించుకుంటే, ఆ క్షణంలో అతన్ని బయటకు తేవడం కోచ్ వల్లా కాదు, రిఫరీ వల్లా కాదు. కోచ్‌కు అధికారం మ్యాచ్‌కు ముందు ఉంటుంది, మ్యాచ్ తర్వాత ఉంటుంది. ఆట నడుస్తున్నంతసేపూ అతనికి ఉన్నది మాట ఒక్కటే. ఆటగాళ్లు మన్నిస్తేనే అది చెల్లుతుంది. ఇక శిక్ష సంగతి అంటారా, వెంటనే వేయాలి, చిన్నదిగా వేయాలి, వేశాక ఆ గొడవను అక్కడితో మూసేయాలి. కెపా విషయంలో చెల్సీ చేసింది దాదాపు ఇదే. అది సరైన పనేనని నా గట్టి అభిప్రాయం.

నిబంధన ఏమంటుందో చూద్దాం. ఫుట్‌బాల్ నియమాల్లో మూడోది ఆటగాళ్ల సంఖ్య గురించీ సబ్‌స్టిట్యూషన్ల (ఆటగాళ్ల మార్పుల) గురించీ చెబుతుంది. మార్పు జరగాలంటే ఆట ఆగి ఉండాలి, బయటకు రావాల్సినవాడు గీత దాటి వచ్చేయాలి, రిఫరీ సైగ చేయాలి, అప్పుడు కొత్తవాడు మధ్యగీత దగ్గర లోపలికి అడుగుపెట్టాలి. అతను అడుగుపెట్టాకే మార్పు పూర్తయినట్టు లెక్క. అంతవరకూ పాతవాడే ఆటగాడు. బోర్డు మీద నంబరు వెలిగినంత మాత్రాన అతను ఆటలోంచి పోయినట్టు కాదు. మార్చాల్సిన ఆటగాడు బయటకు రావడానికి ఒప్పుకోకపోతే ఆట కొనసాగుతుందని అదే నియమంలో ఒక చిన్న వాక్యం ఉంది. ఆ రోజు రిఫరీ జాన్ మాస్ చేసింది ఆ వాక్యం చెప్పినట్టే. బెంచ్ దగ్గరికి వచ్చి విషయం కనుక్కున్నాడు, మార్పు లేదని తేలాక ఆట నడిపించాడు.

కనీసం ఎల్లో కార్డు అయినా ఇవ్వొచ్చు కదా అని మీరు అన్నారు. బయటకు వస్తూ వస్తూ కావాలని కాలయాపన చేస్తే ఎల్లో కార్డు ఉంది. గెలుస్తున్న జట్టు ఆటగాడు చప్పట్లు కొట్టుకుంటూ తాపీగా నడవడం చూసే ఉంటారు, అది అవతలి జట్టు సమయాన్ని తినేయడం కాబట్టి రిఫరీ కల్పించుకుంటాడు. కానీ అసలు రానే రానన్నవాడు నష్టపెట్టేది సొంత జట్టును. రిఫరీ రెండు జట్ల మధ్య తీర్పు చెప్పేవాడు, ఒక జట్టు లోపలి పంచాయితీ తీర్చేవాడు కాదు. ఈ నిబంధన ఇలాగే ఉండాలని నేను అంటాను. లేదంటే కోచ్ మాట వినలేదని రిఫరీ ఒక ఆటగాణ్ణి పంపేస్తే, జట్టు పదిమందితో మిగులుతుంది, కోచ్‌కు ఒరిగేదేమీ ఉండదు.

పోనీ కోచే లోపలికి వెళ్ళి చెయ్యి పట్టుకుని లాక్కురావచ్చా? రిఫరీ అనుమతి లేకుండా మైదానంలోకి అడుగుపెడితే చర్య అతని మీదే ఉంటుంది.

ఇప్పుడు ఆ రోజు జరిగిందాన్ని కాస్త నెమ్మదిగా చూద్దాం, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు ఆ నాలుగైదు నిమిషాల్లోనే ఉంది.

2019 ఫిబ్రవరి 24, వెంబ్లీ. చెల్సీ, మాంచెస్టర్ సిటీ మధ్య ఫైనల్. నిర్ణీత సమయంలో గోల్ లేదు, ఎక్స్‌ట్రా టైమ్‌లోనూ లేదు. ఎక్స్‌ట్రా టైమ్‌లో కెపాకు కాలి కండరం పట్టేసింది, వైద్య సిబ్బంది లోపలికి వెళ్ళి చూశారు. ఆట చివరి నిమిషాల్లో మళ్ళీ కింద పడ్డాడు. గెలుపెవరిదో పెనాల్టీ కిక్కులతో తేల్చే షూటౌట్ ఖాయమైపోయింది. పక్కన విల్లీ కబయెరో గ్లవ్స్ వేసుకుని సిద్ధంగా నిలబడ్డాడు. అతను 2017 వరకూ సిటీలోనే ఆడినవాడు, ఆ జట్టులో పెనాల్టీలు కొట్టేవాళ్లను రోజూ ప్రాక్టీసులో చూసినవాడు. పైగా 2016లో ఇదే కప్పు ఫైనల్‌లో సిటీ తరఫున లివర్‌పూల్ మీద షూటౌట్‌లో మూడు పెనాల్టీలు ఆపాడు. కీపర్ కాలు బాగా లేదనుకున్నప్పుడు పక్కన అలాంటివాడు ఉంటే ఏ కోచ్ అయినా మార్చేస్తాడు.

బోర్డు లేచింది. కెపా వేలు అడ్డంగా ఊపాడు, నేను బాగానే ఉన్నాను, ఆడతాను అని సైగలు చేశాడు. సహచరుడు డేవిడ్ లూయిజ్ దగ్గరికి వెళ్ళి ఏదో మాట్లాడాడు, ఫలితం లేదు. మైదానం పక్క గీత, అంటే టచ్‌లైన్ దగ్గర సార్రి కోపంతో ఊగిపోయాడు, ఒక దశలో డ్రెస్సింగ్ రూమ్‌కు వెళ్ళే సొరంగం వైపు వెళ్ళిపోబోయి మళ్ళీ తిరిగొచ్చాడు. కబయెరో వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. షూటౌట్‌లో కెపా సిటీ ఆటగాడు లెరాయ్ సానే పెనాల్టీని ఆపాడు, కానీ అదే జట్టు అగ్వేరో కొట్టిన బంతి అతని ఒంటి కిందనుంచి జారిపోయింది. సిటీ 4-3తో గెలిచింది. చెల్సీ ఓటమికి కారణం కెపా ఒక్కడే అనడం అన్యాయం, ఎందుకంటే చెల్సీ జోర్జిన్యో పెనాల్టీని సిటీ కీపర్ ఎడర్సన్ ఆపాడు, డేవిడ్ లూయిజ్ కొట్టింది పోస్టుకు తగిలింది. కానీ జనానికి గుర్తుండిపోయింది ఆ ఊపిన వేలే.

మ్యాచ్ అయ్యాక సార్రి ఇదంతా అపార్థం అన్నాడు. కెపాకు కండరం పట్టేసిందనుకుని ఆ స్థితిలో షూటౌట్‌కు వద్దనుకున్నాననీ, డాక్టర్ బెంచ్ దగ్గరికి వచ్చి చెప్పాకే అతను బాగున్నాడని తెలిసిందనీ వివరించాడు. కెపా కూడా ధిక్కరించాలని కాదు, నేను ఆడగలనని చెప్పాలనుకున్నాను అన్నాడు. చాలామంది దీన్ని పరువు కాపాడుకోవడానికి అల్లిన మాటగా తీసుకున్నారు. నాకు అలా అనిపించదు. అపార్థమూ నిజమే, ధిక్కారమూ నిజమే. 80 వేలకు పైగా జనం అరుస్తున్న స్టేడియంలో గోల్ దగ్గర ఉన్నవాడికి బెంచ్ మాట వినపడదు. తన కాలు గురించి మార్చుతున్నారా, కబయెరో పెనాల్టీలు బాగా ఆపుతాడని మార్చుతున్నారా అన్నది అతనికి తెలియదు. మొదటి పది సెకన్లూ అపార్థమే. కానీ కోచ్ అంత గట్టిగా రమ్మంటున్నాడని అందరికీ కనిపిస్తున్నాక కూడా అక్కడే నిలబడటం ధిక్కారం. కాలు బాగుందని చెప్పే హక్కు ఆటగాడికి ఉంది. చెప్పాక నిర్ణయం మాత్రం కోచ్‌ది.

అసలు ఆ స్థాయి ఆటగాడు అంత ధైర్యం ఎలా చేశాడు? దీనికి జవాబు ఆ రోజు మైదానంలో దొరకదు, అంతకుముందు వారాల్లో దొరుకుతుంది. జనవరి 30న బోర్న్‌మౌత్ చేతిలో 4-0తో ఓడారు. ఫిబ్రవరి 10న ఇదే సిటీ 6-0తో చిత్తు చేసింది. 18న ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ యునైటెడ్ 2-0తో ఓడించినప్పుడు సొంత అభిమానులే సార్రిని వెక్కిరించారు. రేపో మాపో ఉద్యోగం పోతుందని పత్రికలన్నీ రాస్తున్నాయి. మరోవైపు కెపా అప్పటికి ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన గోల్‌కీపర్, 2018 ఆగస్టులో 7.16 కోట్ల పౌండ్లు పోసి తెచ్చారు. వయసు 24. క్లబ్బులో ఎవరు ఎక్కువ కాలం ఉంటారో డ్రెస్సింగ్ రూమ్‌లో అందరికీ తెలుసు. ఆటగాళ్లు ఇవన్నీ కూర్చుని లెక్కలు వేయరు, కానీ కోచ్ స్థానం బలంగా ఉందో లేదో వాళ్లకు ఒంటికి తెలిసిపోతుంది. అదే కెపా, గట్టి పట్టున్న కోచ్ పిలిస్తే అదే సెకనులో గ్లవ్స్ విప్పుకుంటూ వచ్చేవాడని నా నమ్మకం.

తర్వాత ఏం చేశారో చూడండి. మర్నాడే క్లబ్ ఒక వారం జీతం జరిమానా వేసింది, ఆ డబ్బును చెల్సీ ఫౌండేషన్‌కు ఇచ్చేశారు. కెపా బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ఫిబ్రవరి 27న టాటెనామ్‌తో మ్యాచ్‌లో సార్రి అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టి కబయెరోను ఆడించాడు. చెల్సీ 2-0తో గెలిచింది. మార్చి 3న ఫుల్హామ్ మీద కెపా తిరిగి గోల్‌లోకి వచ్చాడు. వారం తిరిగేసరికి కథ అయిపోయింది. మే నెలలో యూరోపా లీగ్ సెమీస్ షూటౌట్‌లో ఫ్రాంక్‌ఫర్ట్ మీద అదే కెపా రెండు పెనాల్టీలు ఆపి జట్టును ఫైనల్‌కు చేర్చాడు, చెల్సీ ఆ కప్పు గెలిచింది. ఫిబ్రవరిలో సార్రి పంతానికి పోయి ఉంటే ఆ కప్పు చేతికి వచ్చేదో లేదో.

దీని పక్కన కార్లోస్ టెవెజ్ ఉదంతం పెట్టి చూడండి. 2011 సెప్టెంబర్ 27, మ్యూనిక్‌లో బయర్న్ మీద మాంచెస్టర్ సిటీ ఆడుతోంది. 2-0తో వెనకబడి ఉన్నారు. సబ్‌గా, అంటే మరొకరి బదులు దిగమంటే టెవెజ్ ఒప్పుకోలేదని కోచ్ రాబెర్టో మాన్సిని అన్నాడు. బెంచ్ దగ్గర గందరగోళంలో తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని టెవెజ్ అన్నాడు. ఇక్కడా అదే గొడవ, ఎవరు ఏమన్నారో ఎవరికీ తెలియదు. తేడా అంతా ఆ తర్వాతే. మ్యాచ్ అయిన కొద్దిసేపటికే మాన్సిని కెమెరాల ముందు, నా వరకూ అతని పని అయిపోయింది అన్నట్టుగా మాట్లాడేశాడు. క్లబ్ సస్పెండ్ చేసింది, విచారణ జరిపింది. నాలుగు వారాల జీతం కోయాలనుకుంటే ఆటగాళ్ల సంఘం ఒప్పుకోక రెండు వారాలతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. టెవెజ్ అనుమతి లేకుండా అర్జెంటీనా వెళ్ళిపోయి నెలల తరబడి అక్కడే ఉండిపోయాడు. చివరికి ఏమైంది? 2012లో టైటిల్ పోరు బిగుసుకున్నప్పుడు మాన్సిని అదే టెవెజ్‌ను వెనక్కి తెచ్చుకున్నాడు. మార్చి 21న చెల్సీ మీద సబ్‌గా దిగి సహచరుడు నస్రీ విజయ గోల్‌కు పాస్ ఇచ్చాడు. ఏప్రిల్‌లో నార్విచ్ మీద హ్యాట్రిక్ కొట్టాడు. సిటీ లీగ్ గెలిచింది. మంచి ముగింపే, కాదనను. కానీ ఆ కొన్ని నెలలు అందరికీ దండగ. వారంలో తీరిపోయే గొడవ ఆరు నెలలు సాగింది, ఎందుకంటే కోపంలో అన్న ఒక్క మాట వెనక్కి తీసుకోవడం ఎవరికైనా కష్టం.

అందుకే మ్యాచ్ అయిన గంటలో ఎవరి ముందూ శిక్ష ప్రకటించకండి. మీ దగ్గర టీవీ కెమెరాలు ఉండకపోవచ్చు, తల్లిదండ్రులు ఉంటారు, జట్టు వాట్సాప్ గ్రూప్ ఉంటుంది. అవి తక్కువేమీ కాదు.

క్రిస్టియానో రొనాల్డో విషయంలో ఎరిక్ టెన్ హాగ్ నడిచిన తీరు నాకు నచ్చింది. 2022 అక్టోబర్ 19న టాటెనామ్ మీద యునైటెడ్ 2-0తో గెలుస్తుండగా సబ్‌గా దిగనని రొనాల్డో ఆట ముగియకముందే సొరంగంలోకి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి టెన్ హాగ్ రేపు చూస్తాను అని ఊరుకున్నాడు, గెలుపు గురించే మాట్లాడాడు. తర్వాత చెల్సీతో మ్యాచ్ జట్టులోంచి తీసేశాడు. ఆ తర్వాతి వారమే షెరిఫ్ మీద ఆడించాడు, రొనాల్డో గోల్ కూడా కొట్టాడు. వాళ్ల బంధం చివరికి నవంబర్‌లో తెగిపోయింది, దానికి రొనాల్డో ఇచ్చిన ఒక ఇంటర్వ్యూ వేరే కారణం. కానీ ఆ మ్యాచ్ ధిక్కారం వరకూ కోచ్ చేసింది కొలిచినట్టు ఉంది. అంతటి పేరున్నవాణ్ణి కూడా ఒక మ్యాచ్ పక్కన పెట్టగలిగితే మిగతా ఇరవై మందికి విడిగా చెప్పాల్సిన పని ఉండదు.

శిక్ష అతిగా, బహిరంగంగా పడితే ఏమవుతుందో ఫ్రాన్స్ జట్టు చూపించింది. 2010 ప్రపంచ కప్‌లో మెక్సికోతో మ్యాచ్ హాఫ్ టైమ్‌లో నికొలా అనెల్కా కోచ్ రేమండ్ డొమెనెక్‌ను బూతులు తిట్టాడని పత్రికలో మొదటి పేజీ వార్త వచ్చింది. సమాఖ్య అతన్ని ఇంటికి పంపేసింది. మర్నాడు ఆటగాళ్లందరూ ప్రాక్టీసు మానేసి బస్సులో కూర్చున్నారు, వాళ్ల నిరసన ప్రకటనను డొమెనెక్కే బయటకు వచ్చి చదవాల్సి వచ్చింది. డ్రెస్సింగ్ రూమ్‌లో జరిగింది బయటకు పొక్కడమే వాళ్లకు ఎక్కువ మంట పుట్టించింది. తప్పు చేసినవాడు ఒక్కడు, కానీ జట్టంతా అతని పక్కకు చేరిపోయింది. అలా చేరనివ్వకుండా చూసుకోవడమే శిక్ష వేయడంలో అసలు పని.

ఇప్పుడు నా జట్ల సంగతి. పెద్దవాళ్ల జట్టులో ఒకసారి నాకౌట్ మ్యాచ్. మిడ్‌ఫీల్డర్‌కు అప్పటికే ఒక ఎల్లో కార్డు ఉంది, ఇంకో మోటు ట్యాకిల్ చేస్తే పదిమందితో ఆడాలి. బోర్డు ఎత్తించాను. అతను నా వైపు చూసి తల అడ్డంగా ఊపి, అవతలి జట్టులో తను కాపలా కాయాల్సిన మనిషిని మార్క్ చేయడానికి వెళ్ళిపోయాడు. నేను అరవలేదు. సీజన్ మొదట్లోనే మేము ఒక ఏర్పాటు చేసుకున్నాం: ఎవరైనా బయటకు రావడానికి తటపటాయిస్తే మాట్లాడేది కెప్టెన్ ఒక్కడే, బెంచ్ నుంచి ఎవరూ నోరెత్తకూడదు. కెప్టెన్ నడుచుకుంటూ వెళ్ళాడు, భుజం మీద చెయ్యి వేశాడు, చెవిలో ఏదో అన్నాడు. ఇద్దరూ కలిసి టచ్‌లైన్ దాకా వచ్చారు. వస్తూ ఆ అబ్బాయి నా చేతికి చెయ్యి అందించలేదు, నేను పట్టించుకోలేదు. రెండు రోజుల తర్వాత ప్రాక్టీసుకు ముందు విడిగా కూర్చుని మాట్లాడాను. తర్వాతి మ్యాచ్ బెంచ్ మీద మొదలుపెడతావని చెప్పాను. సరే అన్నాడు. అంతే.

ఆ కెప్టెన్ ఏమన్నాడో నేను అడగలేదు. అడగకూడదు కూడా. కెప్టెన్ మాటలన్నీ కోచ్‌కు చేరతాయని తెలిస్తే మరోసారి ఆ చెయ్యి భుజం మీద పని చేయదు.

వెంబ్లీలో ఈ ఏర్పాటే లోపించిందని నాకు అనిపిస్తుంది. ఆ రోజు చెల్సీ కెప్టెన్ అజ్పిలిక్వెటా, కెపా లాగే స్పెయిన్ ఆటగాడు, ఇద్దరూ ఒకే భాషలో మాట్లాడుకోగలరు. బోర్డు లేచిన వెంటనే అతను వెళ్ళి, నిర్ణయం అయిపోయింది పద అని ఉంటే విషయం వేరుగా ఉండేది. అతనిదే తప్పని నేను అనడం లేదు. అలాంటి సమయంలో ఎవరు కదలాలో ముందే అనుకోకపోతే, ఎవరూ కదలరు.

మరో రకం ధిక్కారం ఉంది, దాని గురించి ఎవరూ వీడియోలు చేయరు. తల ఊపి, సరే సార్ అని, తనకు నచ్చినట్టు ఆడేవాడు. కుడివైపు రక్షణలో ఆడే రైట్ బ్యాక్‌ను ముందుకు వెళ్ళకు, అవతలి వింగర్ వేగంగా ఉన్నాడు, వెనకే ఉండు అంటాం. సరే అంటాడు. ఐదు నిమిషాల్లో అవతలి కార్నర్ జెండా దగ్గర కనిపిస్తాడు. నాకైతే సబ్‌స్టిట్యూషన్ బోర్డు దగ్గర అలిగేవాడికంటే వీడితోనే ఎక్కువ టెన్షన్. అలిగినవాడి మనసులో ఏముందో అందరికీ కనిపిస్తుంది, వీడిది కనిపించదు.

కానీ ఇక్కడ తొందరపడకండి. ధిక్కారం అని పేరు పెట్టే ముందు, మీ మాట అతనికి ఎలా చేరిందో కనుక్కోండి. నా జట్టులో సరిగ్గా ఇలాంటి రైట్ బ్యాక్ ఒకడు హాఫ్ టైమ్ దాకా పరుగులు పెడుతూనే ఉన్నాడు. అడిగితే, మీరే వెళ్ళమన్నారుగా సార్ అన్నాడు. బెంచ్ నుంచి మాటను మోసుకెళ్ళిన వింగర్, నేను వెనక చూసుకుంటాలే నువ్వు వెళ్ళు అని తన సొంత కవిత్వం కలిపాడు. కుర్రాడు చేసింది చెప్పిన పనే. అప్పటినుంచి నా జట్లలో ఒక పద్ధతి ఉంది: మాట మోసుకెళ్ళినవాడు బొటనవేలు చూపిస్తే చాలదు, మాట అందుకున్నవాడు చేత్తో ఆ స్థానం చూపించాలి. వెనక ఉండమంటే వెనక్కి చూపించాలి. ఇది చిన్న పనే కానీ సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

ఇంకో సంగతి. మాట వినని ప్రతిసారీ ఆటగాడు తప్పు కాదు. కార్నర్ కిక్‌ల దగ్గర ఎవరు ఎవరిని మార్క్ చేయాలో మనం పలక మీద రాసి పంపుతాం. అవతలివాళ్లు ఒక పొడుగువాణ్ణి హఠాత్తుగా ముందు పోస్టు దగ్గరికి పంపితే, సెంటర్ బ్యాక్ మన కాగితాన్ని పక్కన పెట్టి అతని వెంట వెళ్ళాల్సిందే. అది ధిక్కారం కాదు, అలాంటివాడు దొరకడం అదృష్టం. ఆటలో కనిపించినదాన్ని బట్టి మారేవాడికి అడిగితే కారణం ఉంటుంది, రెండు ముక్కల్లో చెప్పగలడు. పంతానికి పోయేవాడి దగ్గర కారణం ఉండదు, మీరెప్పుడూ నన్నే తీస్తారు అంటాడు. ఆ ఒక్క వాక్యంతో మీకు విషయం అర్థమైపోతుంది. ఆ మాట వినగానే తిట్టకుండా, అది నిజమో కాదో లెక్క చూసుకోండి.

పెనాల్టీల దగ్గర బంతి కోసం కొట్టుకోవడం కూడా ఈ కోవలోకే వస్తుంది. 2017 సెప్టెంబర్‌లో పీఎస్‌జీ, లియాన్ మ్యాచ్‌లో పెనాల్టీ ఎవరు కొట్టాలని పీఎస్‌జీ సహచరులే అయిన నెయ్‌మార్, కవానీ మైదానంలోనే వాదించుకున్నారు. కవానీ కొట్టాడు, కీపర్ ఆపేశాడు. దీనికి మందు సులువు. డ్రెస్సింగ్ రూమ్ గోడ మీద పేర్లు వరసగా రాసి పెట్టండి: మొదటివాడు, రెండోవాడు. కొట్టాల్సినవాడు స్వయంగా ఇస్తే తప్ప బంతి చేతులు మారకూడదు.

మార్పును ముందే చెప్పడం అనే విషయానికి వద్దాం, గోల్‌కీపర్ల దగ్గర ఇది చాలా ముఖ్యం. 2014 ప్రపంచ కప్ క్వార్టర్ ఫైనల్‌లో కోస్టారికా మీద షూటౌట్ ముందు నెదర్లాండ్స్ కోచ్ లూయీ వాన్ గాల్ సిలెస్సెన్‌ను తీసి టిమ్ క్రుల్‌ను దింపాడు. క్రుల్ రెండు పెనాల్టీలు ఆపాడు, జట్టు గెలిచింది. ఈ అవకాశం ఉందని క్రుల్‌కు ముందే తెలుసు. సిలెస్సెన్‌కు తెలియదు, అతని మనసు చెదరకూడదని చెప్పలేదు. అతను బయటకు వచ్చాడు, కానీ కోపంతో సీసాను తన్నాడు. ఆ రోజు అతను రానని మొండికేసి ఉంటే వాన్ గాల్ కూడా చేయగలిగింది ఏమీ లేదు. నేనైతే ఇద్దరికీ ముందే చెబుతాను. షూటౌట్ దాకా వెళ్తే మారుస్తాను, దానికి నీ ఆటతో సంబంధం లేదు అని మ్యాచ్ ముందు రోజే ముఖాముఖి చెప్పేస్తే, బోర్డు లేచినప్పుడు అది అవమానంగా అనిపించదు. 2021 ఆగస్టులో సూపర్ కప్‌లో చెల్సీ ఇదే ఎత్తు వేసింది. ఎక్స్‌ట్రా టైమ్ చివర్లో కోచ్ టుకెల్ ఎడ్వర్డ్ మెండీని తీసి కెపానే షూటౌట్ కోసం దింపాడు. మెండీ మారు మాట్లాడకుండా బయటకు వచ్చాడు, కెపా రెండు ఆపాడు, విల్లారియల్ మీద కప్పు గెలిచారు.

అయితే ఒక హెచ్చరిక. ప్రతి కుర్రాడినీ పెద్దవాళ్ల కొలతతో కొలవకండి. పదహారేళ్లవాడు స్నేహితుల ముందు, ఇంట్లోవాళ్ల ముందు బయటకు రావడాన్ని ఎంత పెద్ద అవమానంగా తీసుకుంటాడో పెద్దయ్యాక మనం మర్చిపోతాం. బయటకు వచ్చి చొక్కా విసిరేసినా, నీళ్ల సీసా తన్నినా నేను దాన్ని ధిక్కారంగా లెక్కపెట్టను. వచ్చాడు కదా. వచ్చినవాడి కోపాన్ని ఆ సాయంత్రానికి వదిలేయవచ్చు. రానివాడి సంగతి వేరు, దాన్ని వయసు సాకుతో వదిలేస్తే మిగతా పిల్లలు చూస్తుంటారు.

పెద్దవాళ్ల దగ్గరా ఈ తేడా పాటించాలి. 2019 అక్టోబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్‌లో ఆర్సెనల్ కెప్టెన్ గ్రానిట్ జాకా, అభిమానులు గేలి చేస్తుంటే తాపీగా నడిచి, చొక్కా విప్పేసి నేరుగా లోపలికి వెళ్ళిపోయాడు. కెప్టెన్సీ పోయింది. కానీ అతను కోచ్ మాట కాదనలేదు, జనంతో గొడవపడ్డాడు. క్లబ్ అతన్ని వదిలించుకోలేదు, తర్వాత కూడా ఏళ్ల తరబడి ఆ జట్టు మధ్యలో నిలబడి ఆడాడు.

ఇక మీ అండర్-17 జట్టుకు. బోర్డు లేచింది, కుర్రాడు రానన్నాడు అనుకుందాం. మొదట కెప్టెన్‌ను పంపండి. ఒక్కసారి, అర నిమిషం. అప్పటికీ రాకపోతే మార్పును వెనక్కి తీసుకోండి, ఆట నడవనివ్వండి, వీలైతే అదే సబ్‌ను వేరే ఆటగాడి బదులు దింపండి. టచ్‌లైన్ దగ్గర అతనితో అరుపుల పోటీకి దిగకండి, అందులో మీరు గెలవరు. ఆ రాత్రి ఫోన్ చేయకండి. మర్నాడు పిలిచి, మొదట అతనేం అనుకున్నాడో చెప్పనివ్వండి. తర్వాత తర్వాతి మ్యాచ్‌లో ఆడడని చెప్పండి. జట్టు ముందు ఒక్క వాక్యంలో క్షమాపణ చెప్పమనండి, ప్రసంగం వద్దు. ఆ మ్యాచ్ అయిపోయాక, అంతకుముందు ఎలా ఆడించేవారో అలాగే ఆడించండి, ఇంకోసారి ఎత్తిపొడవకండి.

ఇదంతా కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దీన్ని చాలామంది కోచ్‌లు మర్చిపోతారు. టచ్‌లైన్ దగ్గర షిన్ ప్యాడ్లు కట్టుకుని, దిగడానికి సిద్ధమై, అందరూ చూస్తుండగా వెనక్కి వెళ్ళి కూర్చున్న ఆ రెండో పిల్లాడు. ఆ రోజు కబయెరోకు 37 ఏళ్లు, ఎన్నో చూసినవాడు, తట్టుకున్నాడు. మీ పిల్లాడికి పదహారు. ఆ సాయంత్రం మైదానం వదిలే ముందు మాట్లాడాల్సింది మొండికేసినవాడితో కాదు, వీడితో. నిన్ను దింపాలన్నది నా నిర్ణయం, అది మారలేదు, వచ్చే మ్యాచ్ మొదటి నిమిషం నుంచి నువ్వే ఆడతావు అని చెప్పండి. చెప్పినట్టే ఆడించండి.